తెల్లబండ లేని గడి

బడికి ఒకే ఒక చదరంగం పెట్టె.
అందులోనూ ఒక గుర్రం లేదు,
దాని చోట పెన్ను మూత.
ఆరో తరగతిలో ముప్పైనాలుగు మంది.
ఆట నాకూ అంతంత మాత్రమే,
రాత్రి నేర్చుకున్నది పొద్దున చెప్పే సారును.

బేతంచెర్లలో కొదవలేనివి బండలు.
సుంకులమ్మ వాళ్ల నాయన
పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను కాడ ఉంటాడు.
అంచు విరిగినవి, వన్నె తప్పినవి,
ఎవరూ కొననివి ఏరి
ట్రాలీ ఆటోలో తెచ్చి దించాడు.
నల్లవి కడపవి, తెల్లవి మా ఊరివి.
పిల్లోళ్లు మూడుసార్లు లెక్కపెట్టారు.
అరవై మూడు.
ఒకటి రైల్వే గేటు కాడ
గతుక్కి ఎగిరిపడి పగిలిందంట.

ఉన్నవి పరిచాం.
నాలుగో వరుసలో, ఐదో ఇంట్లో
తెల్లబండ ఉండాల్సిన చోట
మన్ను.

ఇక పావులెందుకు, పిల్లలుండగా?
ఏనుగంటే ద్రోణాచలం రైలుకట్ట,
నేరుగా పోతాది.
శకటు ఐమూలగా...
"ఒంటె సార్ అది" అంది మాబున్ని,
"మా తాత ఊంట్ అంటాడు."
సరే, ఒంటె.
మేకలు ఎవరి చేనో అడ్డంగా కోసుకుపోయినట్లు.
గుర్రం దగ్గర నా పాఠం మొరాయించింది.
రెండు నేరుగా, ఒకటి పక్కకి.
ఎందుకట్లా?
మద్దిలేటి లేచాడు:
"అప్పిచ్చినాయన ఎదురొస్తే
మా నాయన సందులోకి మళ్లుకుంటాడే,
అట్ల సార్."
అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.
ఆ తర్వాత గుర్రం నడక ఎవరూ మరవలేదు.

రాజు మాత్రం ఎవరికీ వద్దు.
"ఒక్కడుగుకేనా సార్?"
ఎండలో తక్కువ నడవొచ్చని
చివరికి దస్తగిరి ఒప్పుకున్నాడు.
చచ్చినోళ్లు గోడెక్కి కూర్చుని
జేబులోని శనక్కాయలు ఒలుచుకుంటారు.
బతికున్నోళ్లకి నోరూరి
"నన్ను చంపు, నన్ను చంపు" అని
బంట్లు వరసగా అరుస్తాయి.
ఎత్తులు చెప్పే సుంకులమ్మకి ఒళ్లు మంట:
"గమ్మునుండండ్రా, ఇది యుద్ధం!"

జూలైలో రెండు వానలు పడ్డాక
ఎవరి జేబులోంచి జారిన గింజో
ఆ మన్ను గడిలో కళ్లు తెరిచింది.

తొక్కొద్దని నేను చెప్పలేదు.
యుద్ధం ఆపి కాసేపు చూశారు.
మర్నాటికి గోడమీద బొగ్గుతో కొత్త చట్టం:
"ఐదో ఇంట్లో చెట్టు. ఎవురూ నిలబడగూడదు."
రాజు ముందరి బంటుకి తొలి ఎత్తున ఒక్క ఇల్లే.
ఏనుగు ఆగాలి. ఒంటె ఆగాలి.
మంత్రయినా సరే ఆగాలి.
గుర్రం ఒక్కటే ఎగిరి దాటొచ్చు.
గుర్రమంటే ఏమిటో
నాకూ అప్పుడే తెలిసింది.

పసుప్పచ్చ పూలు పూసింది.
ఊడలు మన్నులోకి దిగే నాటికి
ఎనిమిది మందితో కర్నూలు పోటీలకి బస్సెక్కాను.

ఏసీ హాలు. టిక్కుటిక్కుమనే గడియారాలు.
పెన్ను మూతలు లేని పెట్టెలు.
మాబున్నికి తెల్లపావులు,
ఎదురుగా టై కట్టుకున్న పిల్లోడు.
తడబడకుండా ఆడింది.
తాడు అవతలి నుంచి చూస్తున్నాను,
మంత్రి ఒక్క ఎత్తు జరిగితే ఆట ముగిసేది.
చెయ్యి అక్కడిదాకా పోయింది,
గాల్లో ఆగింది,
వెనక్కొచ్చింది.
ఇంకో ఇరవై ఎత్తులకి ఓడిపోయింది.

బస్టాండులో దోసె తింటూ అడిగాను:
"ఆ ఎత్తు చూసినావా?"
"చూసినా సార్."
"మరి?"
ఏమీ తెలియని కొత్త సారును చూసినట్లు
నన్ను చూసింది.
"ఆడ చెట్టుండాది కదా సార్."
చట్నీ ఇంకొంచెం వేయించుకుంది.

సోమవారం బడికి పోతే
గోడకి ఆనించి తెల్లబండ ఒకటి.
కొత్తది, కొలతకి కోసింది,
సుంకులమ్మ నాయన పెట్టిపోయాడు.
దస్తగిరి వేళ్లమీద లెక్కేస్తున్నాడు,
ముప్పైనాలుగు మందికి
తలా ఒక కాయన్నా వస్తుందా అని.
"పీకినాక వేద్దాం సార్" అన్నాడు రాజు.

బండ ఇంకా గోడకే ఉంది.